ముందు తిరుగు ప్రయాణం

సెలవులకు ఎక్కడికి వెళ్దామని ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఎలా తిరిగొస్తామన్నది. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ల మొహం చిన్నబోతుంది. పిల్లలు కాశ్మీరు మంచు గురించి మాట్లాడుకుంటుంటే ఈ ఆస్పత్రి, రద్దు, క్లెయిమ్ అనే అశుభం ఎందుకంటారు. అయినా చెబుతూనే ఉంటాను. యూరప్ వెళ్లేవాళ్లకు ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. 30,000 యూరోల వైద్య బీమా చూపించనిదే షెంగెన్ వీసా రాదు కాబట్టి చచ్చినట్టు కొనుక్కుంటారు. కాశీకో, కేదారానికో, అరకుకో, లేహ్‌కో వెళ్లేవాళ్లకు చెప్పే దిక్కు లేదు. మన దేశమే కదా, ఏమైనా అయితే చూసుకుందాంలే అనుకుని రైలెక్కుతాం. అమ్మానాన్నలను, చంటిపిల్లలను వెంటబెట్టుకుని, ఏ జాగ్రత్తా లేకుండా, ఎక్కువ డబ్బు ముందే కట్టేసి వెళ్లేది ఇలాంటి ప్రయాణాలకే.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దలు అనుకున్న కాలంలో జాగ్రత్త కూడా ఆ భయానికి తగ్గట్టే ఉండేది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని పదిహేను నెలలకు పైగా తిరిగారు. ఏ మజిలీలో దిగడానికి వసతి ఉంది, ఏ నదిని ఎలా దాటాలి, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది అని వెనక వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో గుళ్ల వర్ణనలకంటే ఆ మజిలీల లెక్కలే నాకు ఎక్కువ ఇష్టం. ఇక్కడ చెప్పబోయే సలహాలూ అలాంటివే. వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. ఒక్కసారి పాటించి చూడండని మాత్రం అడుగుతాను.

రావడానికి దొరికే రోజు చూసి, పోయే రోజు పెట్టుకోండి

రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులైంది. పది రోజుల యాత్ర అనుకుంటే, పోయే రైలుకు బుకింగ్ తెరిచిన పది రోజులకు గానీ వచ్చే రైలుకు తెరవదు. చాలామంది పోయే టికెట్టు కన్ఫర్మ్ కాగానే సెలవు పెట్టేస్తారు, హోటల్‌కు డబ్బు కట్టేస్తారు. తీరా పది రోజుల తర్వాత చూస్తే వచ్చే రైలు వెయిటింగ్ లిస్టులో ఉంటుంది. ఇక తత్కాల్ మీద ఆశ పెట్టుకోవాలి. తత్కాల్‌లో కన్ఫర్మ్ అయిన టికెట్టును మనంతట మనం రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. అందుకని క్యాలెండర్‌లో రెండు తేదీలూ రాసుకోండి: పోయే రైలుకు బుకింగ్ తెరిచే రోజు, వచ్చే రైలుకు తెరిచే రోజు. రెండోది కన్ఫర్మ్ అయ్యేదాకా, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదులే పట్టి ఉంచండి. అవి కాస్త ఖరీదే. అయినా ఆ తేడా ఇవ్వదగ్గదే.

తిరుగు ప్రయాణానికి, ఉద్యోగంలో చేరే రోజుకు మధ్య ఒక రోజు ఖాళీగా వదలండి. కొండ ప్రాంతమైతే రెండు. బదరీనాథ్ నుంచి దిగివచ్చిన రోజు రాత్రే ఢిల్లీలో విమానం పెట్టే ప్యాకేజీని ఒప్పుకోకండి. ఆ దారిలో వర్షం పడితే కొండచరియ విరిగిపడుతుంది. రోడ్డు ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేరు. విమానం తప్పిపోతే ‘మిస్డ్ కనెక్షన్’ కింద బీమా వస్తుందనుకుంటారు. చాలా పాలసీల్లో ఆ రక్షణ వర్తించేది టికెట్టున్న విమానమో రైలో ఆలస్యమైనప్పుడే. మీరు మాట్లాడుకున్న ట్యాక్సీ కొండ మీద ఇరుక్కుపోతే వర్తించదు.

రెండు రైళ్లు మారి వెళ్లేవాళ్లకు మరో మాట. ఆ రెండు పీఎన్ఆర్‌లను ఒకదానికొకటి కలుపుకునే వీలు 2019 ఏప్రిల్ నుంచి ఉంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణించని ఆ రెండో భాగానికి రద్దు రుసుము కోయకుండా డబ్బు తిరిగిస్తారు. రెండు టికెట్లలోనూ ప్రయాణికుల పేర్లు, వివరాలు ఒకేలా ఉండాలి. బుక్ చేసేటప్పుడు ఒక్క నిమిషం పని. ఈ సదుపాయం ఉందని తెలిసినవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు.

బీమా అప్పుడే కొనకండి

బీమా గురించి రాస్తూ కొనొద్దంటానేమిటని అడుగుతారు. కొనొద్దనడం లేదు, ముందు ఇంట్లో ఉన్నది లెక్కపెట్టమంటున్నాను. ఒక సాయంత్రం అందరూ కూర్చుని కాగితాలన్నీ బయటికి తీయండి. మీ ఇంట్లో ఏడాది పొడవునా ఉండే ఆరోగ్య బీమా పాలసీ ఉంటే అది హైదరాబాద్‌లో ఎలా పనిచేస్తుందో హరిద్వార్‌లోనూ అలాగే పనిచేస్తుంది. కొన్ని పాలసీల్లో చిన్న ఊరి ప్రీమియం కట్టి పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత వాటా మీరే భరించాలన్న షరతు ఉంటుంది. గుంటూరులో పాలసీ తీసుకుని ఢిల్లీ వెళ్తున్నవాళ్లు ఆ ఒక్క షరతు ఉందో లేదో చూసుకోవాలి. 70 ఏళ్లు నిండిన పెద్దవాళ్లకు 2024 అక్టోబర్ నుంచి, ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఆ పథకం అమలవుతున్న రాష్ట్రాల్లో, అందులో చేరిన ఆస్పత్రుల్లో అది చెల్లుతుంది. నాన్నగారి కార్డు బీరువాలో పెట్టి ఆయన్ని కాశీకి తీసుకెళ్లేవాళ్లున్నారు. కార్డు ఆయన జేబులో ఉండాలి.

బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో పాస్‌బుక్‌లో చూడండి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు ప్రమాద మరణానికి 2 లక్షలు. అది జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క. మే నెలాఖరున ఖాతాలో డబ్బు లేక కోత పడకపోతే, సరిగ్గా వేసవి సెలవుల్లోనే రక్షణ లేకుండా పోతుంది.

ఇక రెండో కాగితం తీసుకుని, ప్రయాణం ఆగిపోతే ఏ డబ్బు ఎవరు తిరిగిస్తారో రాయండి. రైలును రైల్వేయే రద్దు చేస్తే ఈ-టికెట్టు డబ్బు మొత్తం దానంతటదే వస్తుంది. రైలు 3 గంటలకు మించి ఆలస్యమై మీరు ఎక్కకూడదనుకుంటే, మీ స్టేషన్ నుంచి రైలు కదిలేలోపు టీడీఆర్ (టికెట్ డిపాజిట్ రసీదు) వేస్తే అదీ పూర్తిగా వస్తుంది. విమానాన్ని ఎయిర్‌లైన్ రద్దు చేస్తే మరో విమానమో డబ్బో ఇవ్వాలన్నది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం. ఆలస్యం 6 గంటలు దాటినా అంతే. 2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు పెద్ద ఎత్తున రద్దయినప్పుడు టికెట్టు డబ్బుకు దారి ఉంది. గోవాలో కట్టేసిన గదికి, మాట్లాడుకున్న కారుకు లేదు. ఇలా రాసుకుంటూ పోతే చివరికి మిగిలేది ఎవరూ తిరిగివ్వని డబ్బు. బీమా కావలసింది దానికి.

శ్రీనగర్ వెళ్లే నలుగురి కుటుంబానికి విమాన టికెట్లు 60 వేలు, హోటళ్లు, హౌస్‌బోటు 40 వేలు, కారుకు అడ్వాన్సు 10 వేలు అనుకుందాం. బయలుదేరే ముందురోజు అత్తగారు ఆస్పత్రిలో చేరితే ఇందులో చాలా భాగం పోయినట్టే. అప్పుడు ట్రిప్ క్యాన్సిలేషన్ ఉన్న దేశీయ ప్రయాణ బీమా నిజంగా పనికొస్తుంది. అదే కుటుంబం రైలు టికెట్టుతో, రద్దు చేసుకోగల గదితో అరకు వెళ్తుంటే ఆ ప్రీమియం దండగ. వైద్యం విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిగా చెబుతాను. ఆరోగ్య బీమా లేని అమ్మానాన్నలకు వారం రోజుల ప్రయాణ బీమా కొని నిశ్చింతగా ఉండకండి. ఆ పాలసీలు సాధారణంగా పాత జబ్బులను పక్కన పెడతాయి. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్న మనిషికి కొండ మీద వచ్చే ఇబ్బంది ఆ షుగర్ నుంచో, దానివల్ల దెబ్బతిన్న గుండె నుంచో వస్తుంది. ఆ డబ్బును ఏడాది పాలసీ వైపు మళ్లించండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఫారంలో బీపీ, షుగర్ ఉన్నాయని దాచకుండా రాయండి. పాత జబ్బులకు ఆగవలసిన గడువు ఇప్పుడు ఎక్కువలో ఎక్కువ మూడేళ్లే. కాబట్టి నాలుగేళ్ల తర్వాతి చార్‌ధామ్‌కు పాలసీ ఈ ఏడే మొదలవ్వాలి.

ప్రయాణ బీమా కొనాలని తేల్చుకుంటే ముందు చదవవలసింది ఏం ఇవ్వరో రాసిన పేజీ. రద్దుకు ఏ కారణాలు చెల్లుతాయో కూడా చూడండి. బీమా ఉన్న మనిషి గానీ దగ్గరి బంధువు గానీ ఆస్పత్రిలో చేరడం, చనిపోవడం లాంటివి ఉంటాయి. పై అధికారి సెలవు ఇవ్వకపోవడం, పిల్లవాడి పరీక్ష వాయిదా పడటం, భయమేసి మానుకోవడం మామూలుగా ఉండవు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో దాడి జరిగాక వేలమంది కాశ్మీరు ప్రయాణం మానుకున్నారు. అప్పట్లో విమాన సంస్థలు కొన్ని రోజులపాటు రద్దు రుసుము వదులుకున్నాయి గనక కొంత ఊరట దక్కింది. తుపాను హెచ్చరిక వెలువడ్డాక కొన్న పాలసీ కూడా ఆ తుపానుకు సాధారణంగా వర్తించదు. ట్రెక్కింగు, రాఫ్టింగు, పారాగ్లైడింగు ఉంటే ఆ పేర్లు పాలసీలో కనబడాలి. కనబడకపోతే లేనట్టే లెక్క.

టికెట్టు కొనే పేజీలో బీమా గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటే తీసేయండి. అడగని వస్తువును బిల్లులో చేర్చడం అన్యాయమైన పద్ధతి అని 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాల్లోనే చెప్పింది. చదివి, ఆలోచించి, కావాలంటే మీ చేత్తో మీరే టిక్కు పెట్టండి.

45 పైసల దగ్గర మాత్రం ఆలోచించకండి

అన్నిటికీ లెక్క వేయమన్న నేను ఒక్కదానికి మాత్రం వద్దంటాను. ఐఆర్‌సీటీసీలో రైలు టికెట్టు కొనేటప్పుడు అడిగే ప్రయాణ బీమా తలకు 45 పైసలు. ఏ తరగతిలో ప్రయాణించినా ఒకటే రేటు, ఒకటే రక్షణ: రైలు ప్రమాదంలో మరణానికి గానీ శాశ్వతంగా పూర్తి అంగవైకల్యానికి గానీ 10 లక్షలు, పాక్షిక వైకల్యానికి ఏడున్నర లక్షల దాకా, ఆస్పత్రి ఖర్చుకు 2 లక్షల దాకా, పార్థివదేహాన్ని ఇంటికి చేర్చడానికి 10 వేలు. కన్ఫర్మ్, ఆర్ఏసీ టికెట్లకు ఉంటుంది. వెయిటింగ్ లిస్టుకు, కౌంటర్లో కొన్న టికెట్టుకు, 5 ఏళ్లలోపు పిల్లలకు ఉండదు. ఇది రైల్వే చట్టం కింద వచ్చే పరిహారానికి అదనం. ప్రమాద మరణానికి రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ద్వారా వచ్చే ఆ పరిహారం 2017 నుంచి 8 లక్షలు.

టిక్కు పెట్టడంతో పని అయిపోలేదు. తర్వాత బీమా కంపెనీ నుంచి ఫోనుకు, మెయిల్‌కు ఒక లింకు వస్తుంది. నామినీ పేరు అందులో నింపాలి. నింపకపోతే డబ్బు వారసులకే వెళ్తుంది గానీ, వారసులమని నిరూపించుకునే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహానగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. చెన్నై దాకా మన కోస్తా మీదుగా వచ్చే రైలు అది. అలాంటి దుఃఖంలో ఉన్న ఇల్లాలిని వారసత్వ ధ్రువపత్రం తెమ్మనే పరిస్థితి రానివ్వకూడదు. టికెట్టు కొన్న చేత్తోనే ఆ లింకు తెరిచి పేరు రాయండి.

అందరికంటే నెమ్మదిగా నడిచేవారే నాయకులు

ప్లాన్ వేసేది ఇంట్లో హుషారైనవాళ్లు. దాన్ని మోయవలసింది అమ్మమ్మ మోకాళ్లు. కాబట్టి చూడవలసిన చోట్ల జాబితాను రాసినవాళ్ల చేతిలోంచి తీసుకుని, అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషికి ఇవ్వండి. అందులో సగం కొట్టేసే అధికారం ఆవిడకు ఉండాలి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు 16 కిలోమీటర్లు, చేరేది 3,583 మీటర్ల ఎత్తుకు. కృష్ణా జిల్లాలో సముద్రమట్టానికి ఇంచుమించు సమానంగా బతికిన మనిషిని మూడు రోజుల్లో అక్కడికి తీసుకెళ్లడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు. హెలికాప్టర్ ఎక్కిస్తే నడక తప్పుతుంది, ఎత్తు తప్పదు. పైగా ఇంకా హఠాత్తుగా ఎత్తుకు చేరతారు. విమానంలో నేరుగా 3,500 మీటర్ల లేహ్‌లో దిగేవాళ్లకూ ఇదే ప్రమాదం. మొదటి రెండు రోజులు గదిలో పడుకోవడమే ఆ ప్రయాణంలో అసలు పని. తలనొప్పి, వాంతి, ఆయాసం మొదలైతే కిందికి దిగడమే మందు. ఇంత డబ్బు కట్టాం కదా అని పాంగాంగ్ దాకా వెళ్లకండి.

ఒక్కచోట ఎక్కువ రోజులు ఉండటం మనకు కొత్త కాదు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్న ఆచారం మన తెలుగువాళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ తొమ్మిది రోజులూ శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటి చోట దిగి, మన తిండి తిని, ఒక రోజు గంగ, ఒక రోజు గుడి, ఒక రోజు ఊరికే ఘాట్ మీద కూర్చోవడం. మధ్యలో ఒంట్లో బాగోకపోతే ఒక రోజు పోతుంది, యాత్ర పోదు. అయిదు రోజుల్లో కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం చుట్టేసే ప్యాకేజీలో ఒక్కరికి జ్వరం వస్తే బస్సు ఆగదు. ఆ మనిషిని, తోడుగా ఇంకొకరిని లాడ్జిలో వదిలి మిగతావాళ్లు వెళ్లిపోవలసి వస్తుంది. ప్యాకేజీ మాట్లాడేటప్పుడు వంటమనిషి వస్తాడా అని అందరూ అడుగుతారు. ఎవరికైనా జబ్బు చేస్తే ఎవరు ఆగుతారు, ఆ ఖర్చు ఎవరిది అని కూడా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

చెడ్డ వార్తలు చదివి వెళ్లండి

వెళ్లే చోటి ఫోటోలు తర్వాత చూడవచ్చు. అక్కడ గతంలో ఏం జరిగిందో ముందు చదవండి. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలో దిగి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ వార్త చదివిన తండ్రి తన పిల్లలకు ఒక్క మాట తప్పక చెబుతాడు: ఆనకట్ట దిగువన ఉన్న నదిలో, నీళ్లు ఎంత తక్కువగా కనబడినా సరే, రాళ్ల మీదకు దిగొద్దు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. గోదావరి అప్పుడు వరద మీద ఉంది. పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ ఇస్తే ఉక్కపోస్తోందని తీసి పక్కన పెట్టకండి. ఇవ్వకపోతే ఎక్కకండి. ఇక్కడ ఏ పాలసీ చేయగలిగిందీ లేదు.

ఏ కాలంలో ఎక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే సెలవులు పెట్టుకునే తీరు మారిపోతుంది. కేదార్‌నాథ్ వరద 2013లో వచ్చింది జూన్ 16, 17 తేదీల్లో. మన బడుల వేసవి సెలవుల చివరి రోజులు, అక్కడ వానలు మొదలయ్యే రోజులు ఒకదానిమీద ఒకటి పడతాయి. చార్‌ధామ్‌కు మంచి సమయం వానలు తగ్గాక వచ్చే దసరా సెలవులని నేను గట్టిగా చెబుతాను. ఆకాశం తేటగా ఉంటుంది, రద్దీ తగ్గుతుంది, చలి మాత్రం ఎక్కువ. అదే దసరా సెలవుల్లో మన కోస్తాకు వచ్చేవాళ్లు జాగ్రత్తపడాలి, అది తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. ఆ నెలల్లో విశాఖ, అరకు వెళ్లేవాళ్లు వెనక్కి రాని డబ్బు ముందుగా కట్టకూడదు. ఇంటికి దగ్గరే కదా అనుకున్న దారులూ అంతే. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడను ముంచెత్తింది. అదే వానలకు మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. నందిగామ దగ్గర జాతీయ రహదారి మీదికీ నీళ్లొచ్చాయి. హైదరాబాద్‌కు, విజయవాడకు మధ్య రైలు, రోడ్డు ఒకేసారి ఆగిపోయాయి.

చెడ్డ వార్తల్లోకి మోసాలు కూడా వస్తాయి. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైట్‌లోనే అమ్ముతారు. వాట్సాప్‌లో టికెట్టు పంపిస్తామనేవాళ్లకు డబ్బు పంపకండి. పంపేశాక అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మోసంలో పోయిన డబ్బుకు ప్రయాణ బీమా రాదు.

తెలిసినవాళ్ల కారు వద్దు

బాబాయి స్నేహితుడి ఇన్నోవా ఉంది, డీజిల్ పోసి డ్రైవర్ బత్తా, ఎంతో కొంత కిరాయి ఇస్తే చాలు అంటారు. తెల్ల నంబరు ప్లేటున్న సొంత కారును కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీకి కాదనడానికి అది మంచి కారణం. కిరాయి బండికి పసుపు ప్లేటు ఉండాలి. మనమే నడుపుకునే అద్దె బండికైతే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. గోవాలో స్కూటరు తీసుకునే కుర్రాళ్లు కూడా ప్లేటు రంగు చూసే తీసుకోవాలి.

సొంత కారులో వెళ్తున్నా పాలసీ తీసి చదవండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే, కారులో కూర్చున్న మీ వాళ్లకు దాని నుంచి రక్షణ ఉండదు. యజమాని కమ్ డ్రైవర్‌కు తప్పనిసరిగా ఉండే 15 లక్షల ప్రమాద బీమా యజమానికే. ఆయన వెనక నిద్రపోతుండగా బావమరిది నడుపుతుంటే బావమరిదికి వర్తించదు. పేర్లు లేని ప్రయాణికులకు ప్రమాద బీమాను చిన్న మొత్తంతో కలుపుకోవచ్చు, దూర ప్రయాణానికి ముందు కలుపుకోండి. ఇంకొకటి ప్రాణం పెట్టి చెబుతున్నాను: నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయకండి. ఇంజిన్‌లోకి నీరు లాగి అది పాడైతే, ఇంజిన్ రక్షణ విడిగా కొనుక్కోనివాళ్లకు క్లెయిమ్ రాదు. తోయించి గట్టున పెట్టి కంపెనీకి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. ఆస్పత్రిలో ఆ పేరు చెప్పి అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగకండి.

ఫోను ఉన్నా కాగితం మొయ్యండి

మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో, లదాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ కావాలి. అక్కడ దిగాక గానీ ఈ సంగతి తెలియక, ఫోనులో దాచుకున్న పాలసీ, హోటల్ బుకింగ్, మందుల చీటీ ఏవీ తెరుచుకోక దిక్కులు చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక్కొక్కరి జేబులో ఒక్కొక్క కాగితం ఉంచండి: పేరు, రక్తం గ్రూపు, ఉన్న జబ్బులు, వేసుకునే మందులు, పాలసీ నంబరు, టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) ఫోను, ఇంట్లో ఇద్దరి నంబర్లు. మందులు కంపెనీ పేరుతోనే కాక లోపలి మందు పేరుతోనూ ఉండాలి. గుంటూరులో దొరికే కంపెనీ మాత్ర రిషికేశ్‌లో దొరక్కపోవచ్చు. కాగితానికి ఒకవైపు ఇంగ్లిష్, రెండోవైపు హిందీ. మందులు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి. పెట్టెలో ఒకటి, భుజానికి ఒకటి.

ఏదైనా జరిగితే ఆ చోటు వదలకముందే కాగితం పుట్టాలి. విమానాశ్రయంలో పెట్టె రాకపోతే, బయటికి రాకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో పీఐఆర్ (సామాను రాలేదన్న నివేదిక) రాయించుకోండి. ఇంటికొచ్చాక చేసే ఫిర్యాదుకు విలువ ఉండదు. విమానం ఆలస్యమైతే ఎన్ని గంటలో, ఎందుకో రాసిన ధ్రువపత్రం అడగండి. రైల్లో దొంగతనం జరిగితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పి, నడుస్తున్న రైల్లోనే ఫిర్యాదు ఫారం నింపండి. ఆస్పత్రిలో చేరిన రోజే బీమా కంపెనీకి తెలియజేయండి. క్యాష్‌లెస్ ఎవ్రీవేర్ విధానంలో, నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలో అత్యవసరంగా చేరినా 48 గంటల్లోగా చెబితే క్యాష్‌లెస్ అడగవచ్చు. క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ జవాబివ్వాలని, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆ రెండు అంకెలూ మీ కాగితం మీద రాసుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ చేతికిచ్చినప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. మూడేళ్ల షుగర్‌ను పదమూడేళ్లని రాసి ఉంటే అప్పుడే దిద్దించండి. ఊరు దాటాక ఆ డాక్టరు దొరకడు.

కాదన్న ఉత్తరం దగ్గర ఆగకండి

క్లెయిమ్ కాదని ఉత్తరం వస్తే చాలామంది కంపెనీని తిట్టుకుని వదిలేస్తారు. అలా వదిలేయవద్దు. ఏ షరతు కింద కాదన్నారో ఆ షరతు సంఖ్యతో సహా రాతపూర్వకంగా అడగండి. పాలసీలో ఆ వాక్యం తీసి చదవండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయండి. ఫోన్ నంబరు 155255. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సబబుగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం వాళ్లకు హైదరాబాద్ కార్యాలయం. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. 50 లక్షల దాకా పరిహారం కోరే ఫిర్యాదులు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మీ కాగితాలు వరసలో పెట్టుకుని మీరే వెళ్లి చెప్పుకోవచ్చు.